అశోక్‌నగర్ స్టడీ హాల్: ఎమర్జెన్సీ లైట్ల పని డైరీ

సర్వే

ముందు బిల్డింగ్ సంగతి. గ్రౌండ్ ప్లస్ ఫోర్. కింద బండ్ల పార్కింగ్, పక్కనే ఒక టిఫిన్ సెంటర్. మొదటి రెండు అంతస్తుల్లో స్టడీ హాళ్లు, పై రెండింటిలో బాయ్స్ హాస్టల్. హైదరాబాద్ అశోక్‌నగర్ వైపు తిరిగినవాళ్లకి ఇలాంటివి కొత్త కాదు, గ్రూప్స్‌కీ ఎస్సై పరీక్షకీ చదివే పిల్లలతో ఏడాది పొడుగునా కిటకిటలాడుతుంటాయి. ముందువైపు గ్రానైట్ మెట్లు, వెనకవైపు ఇనుప మెట్లు. ప్రతి అంతస్తులోనూ కారిడార్ ఎల్ ఆకారంలో ఉంటుంది, పొడుగు వైపు 22 మీటర్లు, పొట్టి వైపు 7, వెడల్పు మీటరున్నర. ఓనర్ గారు పిలిచి చెప్పింది ఒక్కటే మాట: "ఎవరైనా చెకింగ్‌కి వస్తే చూపించడానికి ఎగ్జిట్ లైట్లు పెట్టించండి, ఫ్లోర్‌కి రెండు చాలు."

ఫ్లోర్‌కి రెండు అనే లెక్క ఎక్కడ పుట్టిందో కానీ నేను పని చేసిన ప్రతి ఓనర్ నోటా అదే వింటాను. కారిడార్ ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఫాల్స్ సీలింగ్ అందం చెడకూడదు. సరే చూస్తానన్నాను, మాటివ్వలేదు.

ఇది 24 గంటలూ తెరిచి ఉండే స్టడీ హాలు కాబట్టి ఖాళీ అయ్యే వేళంటూ ఉండదు. తెల్లవారుజామున మూడింటికి జనం కాస్త పలచబడతారని వాచ్‌మన్ చెప్తే సర్వేకి ఆ టైమే పెట్టుకున్నాం. పిల్లలకి ముందే నోటీసు అంటించి, ఒక్కో ఫ్లోర్‌లో కారిడార్ లైట్లు ఆపించి, బిల్డింగ్‌లోకి అంతకు ముందెప్పుడూ అడుగుపెట్టని మా ఎలక్ట్రీషియన్ హెల్పర్‌ని గది తలుపు దగ్గర నిలబెట్టి, ఫోన్ టార్చి వేయకుండా కిందికి దిగిపో అన్నాను. వాడు వెళ్తుంటే వెనకే నేను చాక్‌పీస్ పట్టుకుని నడిచాను. వాడి కాలు ఎక్కడ తటపటాయిస్తే అక్కడ గోడ మీద ఒక గీత. ఎమర్జెన్సీ లైటు ఎక్కడ పెట్టాలో సీలింగ్ డ్రాయింగ్ చెప్పదు, చీకట్లో ఆగిన కాలు చెప్తుంది. నా పద్ధతి ఇదే, చాలామంది నవ్వుతారు, నవ్వనీ.

గీతలు పడ్డ చోట్లు ఇవి: ఎల్ మలుపు. మెట్ల మొదటి అంచు. మూడో అంతస్తులో బాత్‌రూమ్‌ల ముందు, అక్కడ తర్వాతెప్పుడో ప్లంబింగ్ కోసం నేల ఎత్తు చేసి రెండు మెట్లు కట్టారు, పగలు కూడా కొత్తవాళ్లు తట్టుకుంటారట. వెనక ఇనుప మెట్లకి వెళ్లే తలుపు దగ్గరైతే మనవాడు పూర్తిగా ఆగిపోయాడు, ఎందుకంటే తలుపుకి అడ్డంగా 20 లీటర్ల వాటర్ క్యాన్లు మూడు వరసలు పేర్చి ఉన్నాయి. ఆ తలుపు మీద "నో ఎంట్రీ" అని కాగితం కూడా ఉంది. బయటికి వెళ్లే రెండో దారి మీద నో ఎంట్రీ!

రూలు పుస్తకం, చాక్‌పీస్ గీతలు

ఇంటికొచ్చి నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016, నాలుగో భాగం తీశాను. అగ్నిప్రమాదాల భాగం అది. ఎస్కేప్ లైట్లు (తప్పించుకునే దారి చూపే ఎమర్జెన్సీ లైట్లు) ఎక్కడ ఉండాలో అందులో వరసగా ఉంటుంది: కారిడార్లు కలిసే చోట, ప్రతి ఎగ్జిట్ తలుపు దగ్గర, దారి మలుపు తిరిగే ప్రతి చోటా, మెట్ల దగ్గర (మెట్ల ప్రతి వరస మీదా నేరుగా వెలుగు పడేట్టు), నేల ఎత్తు మారే చోట, ఆఖరి తలుపు దాటాక బయట, ఫైర్ అలారం కాల్ పాయింట్ల (నొక్కితే అలారం మోగే డబ్బాల) దగ్గర, మంటలార్పే సిలిండర్లూ హోస్ రీళ్లూ (నీళ్ల గొట్టం చుట్టలు) ఉన్న చోట. హెల్పర్ కాలు ఆగిన చోట్లన్నీ ఈ జాబితాలో ఉన్నాయి. వాడికి తెలియనివి కాల్ పాయింటు, సిలిండర్ మాత్రమే, పారిపోయేవాడు వాటికోసం ఆగడు కాబట్టి.

"దగ్గర" అంటే ఎంత దగ్గరో కూడా కోడ్ కొలత ఇచ్చింది, అడ్డంగా కొలిస్తే 2 మీటర్ల లోపు. ఈ ఒక్క అంకెతో ఫ్లోర్‌కి రెండు అనే మాట పోయింది. మలుపుకి ఒకటి, ముందు మెట్లకి ఒకటి, వెనక తలుపుకి ఒకటి అన్నా మూడు తప్పవు, పైగా సిలిండర్ మలుపు నుంచి 5 మీటర్ల అవతల వేలాడుతోంది, దానికి ఇంకొకటి కావాలి. సిలిండర్‌నే మలుపు దగ్గరికి జరిపిస్తే ఒక లైటు మిగులుతుంది, జరిపించాం. ఇలాంటి సర్దుబాట్లు ఓనర్లకి బాగా నచ్చుతాయి. వాటర్ క్యాన్ల వరసలు కూడా ఆ రోజే కిందికి దింపించాను, దానికి మాత్రం మూతి ముడుచుకున్నారు, స్థలం లేదంటారు.

వెలుగు ఎంతుండాలి అనేదే అసలు తలనొప్పి. తప్పించుకునే దారి మధ్య గీత వెంట, నేల మీద, కనీసం 10 లక్స్ (ఒక చోట పడే వెలుగుకి కొలత) ఉండాలంటుంది మన కోడ్. 2 మీటర్ల వెడల్పు వరకూ ఉన్న దారుల్లో సగం వెడల్పు మీద కనీసం 5 లక్స్. యూరప్ వాళ్ల ఎమర్జెన్సీ లైట్ల ప్రమాణం ఈఎన్ 1838 ప్రకారం అదే మధ్య గీత మీద 1 లక్స్ సరిపోతుంది. అంటే మనది పదింతలు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మార్కెట్లో దొరికే చాలా లైట్ల క్యాటలాగుల్లో "రెండు లైట్ల మధ్య దూరం" అని ఒక టేబుల్ ఉంటుంది, 10 మీటర్లు, 12 మీటర్లు అని గొప్పగా వేస్తారు, అది 1 లక్స్‌కి వేసిన లెక్క. ఆ టేబుల్ చూసి మన కారిడార్‌లో పెడితే లైటు కింద వెలుగు, మధ్యలో గుడ్డి చీకటి. షాపులో కౌంటర్ దగ్గరున్న అబ్బాయిని ఇది ఎన్ని లక్స్‌కి అనడిగితే "మంచి కంపెనీ సార్" అన్నాడు.

చేత్తో ఒక లెక్క వేసుకున్నాను. 400 ల్యూమెన్ల (లైటు మొత్తం వదిలే వెలుగుకి కొలత) లైటు, 2.4 మీటర్ల ఎత్తులో, వెలుగు నేరుగా కిందికి ఎక్కువగా, పక్కలకి పోయేకొద్దీ తగ్గుతూ పరుచుకునే మామూలు రకం అనుకుంటే, సరిగ్గా కింద నేల మీద 22 లక్స్ వరకూ వస్తుంది. పక్కకి 2.4 మీటర్లు జరిగితే అది ఐదున్నరకి పడిపోతుంది, పావు వంతు. రెండు లైట్ల మధ్య 4.8 మీటర్లు ఉంటే నడుమ రెండూ కలిసి 11. ఐదు మీటర్లు దాటిస్తే నడుమ 10 కూడా రాదు. ఐదు మీటర్లకి లోపే, ఇక బేరం లేదు. గోడలకి తెల్ల పెయింటు ఉంటే కాస్త కలిసొస్తుంది కానీ హాస్టల్ గోడలు ఎన్నాళ్లు తెల్లగా ఉంటాయి?

ఈ లెక్క చెప్పినప్పుడు ఓనర్ గారి మొహం చూడాలి. బేరాలయ్యాక కుదిరింది ఏంటంటే, కారిడార్‌లో ఆల్రెడీ ఉన్న ఎల్ఈడీ ప్యానెళ్లలో ఒకటి విడిచి ఒకదానికి ఎమర్జెన్సీ కిట్ (బ్యాటరీ, ఛార్జర్, ఎల్ఈడీని వెలిగించే డ్రైవర్ సర్క్యూట్ కలిపిన చిన్న డబ్బా) బిగించడం, మలుపులూ తలుపులూ మెట్ల దగ్గర మాత్రం విడి లైట్లు పెట్టడం. ఫాల్స్ సీలింగ్ అందం కూడా అలాగే ఉంది.

మెట్లు

మెట్ల మీద నేను ఎక్కువ టైమ్ తింటానని మా ఎలక్ట్రీషియన్ సణుగుతాడు. తినాల్సిందే. పాత లైటు పాయింటు మెట్ల మలుపులో సీలింగ్ మధ్యన ఉంది, అక్కడే కొత్తది బిగించేద్దామన్నాడు. బిగించకుండా చేత్తో పట్టుకుని వెలిగించి చూపించమన్నాను. పై వరస మెట్లు బాగానే కనిపించాయి. కింది వరసకి వచ్చేసరికి మలుపు అంచున ఉన్న బీమ్ అడ్డం పడి మొదటి నాలుగు మెట్లు నల్లగా ఉన్నాయి. గ్రానైట్ కూడా నలుపే, అంచు గీత లేదు, మెట్టెక్కడ ముగిసి తర్వాతది ఎక్కడ మొదలవుతుందో వంగి చూస్తే తప్ప తెలియదు. దిగేటప్పుడు ఇంకో సమస్య, లైటు వీపు వెనక ఉండి మన నీడ మన కాళ్ల ముందే పడుతుంది.

అందుకని లైటుని సీలింగ్ నుంచి దింపి, మలుపులో ఎదురు గోడ మీదికి, బీమ్ అడుగు కంటే కిందికి తెచ్చాం. అక్కడి నుంచి చూస్తే రెండు వరసలూ కనిపిస్తాయి, కాబట్టి రెంటి మీదా నేరుగా వెలుగు పడుతుంది. ఎత్తు 2.1 మీటర్లు. కోడ్ కూడా లైట్లు వీలైనంత కింద పెట్టమంటుంది, కానీ నేల నుంచి 2 మీటర్లకి తగ్గకూడదు. పొగ పైకప్పు నుంచి కిందికి దిగుతూ వస్తుంది కాబట్టి సీలింగ్‌కి అంటుకున్న లైటే ముందు మునుగుతుంది. మరీ కిందికి తెస్తే తలలు తగులుతాయి, పరుపు మోసుకెళ్లేవాడు దాన్ని ఊడబెరుకుతాడు. ప్రతి మెట్టు అంచుకీ పసుపు రంగు యాంటీ స్కిడ్ టేపు వేయించాను, ఇది ఎస్టిమేట్‌లో లేదు, టేపు రోలుకి ఎవరూ బేరమాడరు.

టెర్రస్ తలుపు తాళం మీద గొడవ ఇంకా నడుస్తోంది. పిల్లలు సిగరెట్లకి పైకి వెళ్తారని తాళం వేస్తారు. పొగ వస్తే కొందరు పైకే పరిగెడతారు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చనిపోయింది పొగకి ఊపిరాడకే, అక్కడ జాబ్ చేసే చిన్న వయసు పిల్లలు. లోపల నుంచి తోస్తే తెరుచుకునే పుష్ బార్ పెట్టండి, తెరిస్తే మోగే అలారం పెట్టండి అని రాసిచ్చాను.

ఆకుపచ్చ బోర్డులు

పరిగెత్తే మనిషి బొమ్మ ఉన్న ఆకుపచ్చ బోర్డు జపాన్ నుంచి వచ్చింది. 1970ల మొదట్లో ఒసాకాలోనూ కుమామోటోలోనూ డిపార్ట్‌మెంట్ స్టోర్లు తగలబడి చాలామంది పోయాక, యుకియో ఓటా అనే డిజైనర్ బృందం పదును పెట్టిన బొమ్మ 1985లో అంతర్జాతీయ ప్రమాణంలోకి ఎక్కింది. అక్షరం రానివాడికి కూడా అర్థమవుతుంది.

బోర్డు సైజు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. లోపల లైటు ఉండే బోర్డు, దాని బొమ్మ ఎత్తుకి 200 రెట్ల దూరం వరకే స్పష్టంగా కనిపిస్తుందని యూరప్ లెక్క, బయట నుంచి లైటు పడే బోర్డయితే 100 రెట్లే. షాపులో ఎక్కువగా అమ్ముడుపోయే చిన్న బోర్డు బొమ్మ 8 సెంటీమీటర్లు, అంటే 16 మీటర్లు. మన కారిడార్ 22. కారిడార్ ఆ చివర గదిలో ఉన్నవాడికి అది ఒక ఆకుపచ్చ చుక్క. 11 సెంటీమీటర్ల బొమ్మ ఉన్నవి తెప్పించాం, సరిగ్గా 22కి సరిపోతాయి.

నాలుగో అంతస్తులో బోర్డు బిగించిన రెండో రోజుకే దాని మీద న్యూస్‌పేపర్ అంటించి ఉంది. కోపం వచ్చింది, తర్వాత ఆ గదిలోకి వెళ్లి మంచం మీద పడుకుని చూశాను. తలుపు పైన గాజు వెంటిలేటర్ ఉంది, బోర్డు సరిగ్గా దాని ఎదుట, రాత్రంతా ఆకుపచ్చ వెలుగు ఆ కుర్రాడి మొహం మీదే పడుతోంది. పొద్దున ఐదింటికి లేచి చదువుకునేవాడు పేపర్ అంటించడా మరి? గోడకి ఆనించి పెట్టిన బోర్డు తీసేసి, రెండు వైపులా బొమ్మ ఉండే వేలాడే రకం తెచ్చి, వెంటిలేటర్ దాటాక కారిడార్‌కి అడ్డంగా వేలాడదీశాం. ఇప్పుడు రెండు వైపుల నుంచి వచ్చేవాళ్లకీ ఎదురుగా కనిపిస్తుంది, గదిలోకి వెలుగు పోదు. అసలు మొదటి నుంచీ కారిడార్‌లో గోడకి ఆనించిన బోర్డులు నాకు నచ్చవు, నడిచేవాడికి పక్కన ఉంటుంది, మెడ తిప్పితేనే కనిపిస్తుంది.

తలుపు రెక్క మీద బోర్డు అంటించొద్దని కూడా పెయింటర్‌కి చెప్పాల్సి వచ్చింది. తలుపు తెరిచి గోడకి ఆనిందంటే బోర్డు మాయం. తలుపు పైన, చౌకట్టు మీద పెట్టాలి. ఇక "నో ఎంట్రీ" కాగితం నేనే చించేశాను.

వైరింగ్

రెండో అంతస్తులో ఎప్పుడో పెట్టిన పాత ఎమర్జెన్సీ లైటు ఒకటి ఉంది, ఆకుపచ్చ ఛార్జింగ్ లైటు వెలుగుతూ చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంది. కరెంటు ఆపితే వెలగలేదు. బ్యాటరీ పోయిందన్నాడు ఎలక్ట్రీషియన్. విప్పి చూస్తే బ్యాటరీ బాగానే ఉంది. విషయం ఏంటంటే దాని ప్లగ్గు ఇన్వర్టర్ సాకెట్లో ఉంది. కారిడార్ లైట్లు మామూలు కరెంటు మీద. కరెంటు పోగానే కారిడార్ చీకటి అయింది, కానీ ఎమర్జెన్సీ లైటుకి ఇన్వర్టర్ నుంచి సప్లై వస్తూనే ఉంది కాబట్టి అది కరెంటు ఉందనే అనుకుని నిద్రపోతోంది.

అందుకే లైటుకి సప్లై ఎక్కడి నుంచి ఇచ్చామనేది గోడ మీద ఎక్కడ పెట్టామనేదానంత ముఖ్యం. ఏ కారిడార్‌లో ఉంటుందో ఆ కారిడార్ లైట్ల ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే బ్రేకర్) నుంచే, గోడ స్విచ్‌కి ముందు నుంచి, ఎప్పుడూ కరెంటు ఉండే ఫేజ్ వైరు తీయాలి. స్విచ్ తర్వాత తీస్తే రాత్రి ఎవడో లైటు ఆపిన ప్రతిసారీ బ్యాటరీ ఖర్చయిపోతుంది. మెయిన్ దగ్గర నుంచి విడి లైను తెస్తే ఒక్క ఫ్లోర్ ఎంసీబీ ట్రిప్ అయినప్పుడు ఆ ఫ్లోర్ చీకట్లో ఉన్నా ఇది వెలగదు. వేరే అంతస్తు డీబీ (ఎంసీబీలన్నీ ఉండే డబ్బా) నుంచి ఇవ్వకూడదని ప్రతి డీబీ తలుపు లోపల స్కెచ్ పెన్నుతో రాశాం.

"జనరేటర్ ఉంది, ఇన్వర్టర్ ఉంది, ఇవన్నీ ఎందుకు" అని ఓనర్ గారు చివరిసారి అడిగారు. జనరేటర్ కిందుంది, తాళం వాచ్‌మన్ జేబులో, ఆయన లేచి తిప్పి అది అందుకునేసరికి నిమిషాలు పడతాయి. ఇన్వర్టర్ వైరు మెట్ల పక్క షాఫ్ట్‌లో (కింది నుంచి పైదాకా వైర్లకి వదిలిన సందులో) మిగతా వైర్లతో కలిసి పైకి వస్తుంది, షాఫ్ట్ అంటుకుంటే అన్నీ కలిసే పోతాయి. కోడ్ కూడా ఎమర్జెన్సీ లైట్లకి మామూలు లైట్లతో సంబంధం లేని సోర్సు ఉండాలంటుంది, ఒక లైటు పాడైతే మిగతావాటి పని దెబ్బతినకూడదంటుంది. ఒక్కో లైటులో దాని బ్యాటరీ దానికే ఉంటే ఆ గొడవ లేదు. బ్యాటరీ రకం దగ్గర మాత్రం మొండిగా కూర్చున్నాను, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. సీల్డ్ లెడ్ యాసిడ్ చవక, కానీ మన మే నెల ఎండకి పై అంతస్తు ఫాల్స్ సీలింగ్ లోపల ఉడికిపోతుంది.

వెనక మెట్లు, గల్లీ

దీని గురించి ఎక్కువ రాసేది లేదు, ఎక్కువ చేసేది ఉండింది. ఇనుప మెట్లు వానకి తడుస్తాయి, కింద టిఫిన్ సెంటర్ చిమ్నీ నుంచి నూనె పొగ ఎగబాకి రేకు మీద జిడ్డు పట్టింది. దుమ్మూ నీళ్లూ లోపలికి పోని ఐపీ 65 లైట్లు, వైర్లకి స్టీలు కాండ్యూట్ గొట్టాలు పెట్టాం. ఆఖరి తలుపు బయట కూడా లైటు ఉండాలని కోడ్‌లో ఉంది కదా, దాన్ని కాంపౌండ్ గోడ మీద, గేటు వైపు తిప్పి పెట్టాం. మెట్లు దిగి చీకటి గల్లీలో నిలబడిపోతే వెనక దిగేవాళ్లు మీద పడతారు. గేటు ముందు బండ్లు పెట్టకుండా నేల మీద పసుపు గళ్లు కొట్టించాం. టిఫిన్ సెంటర్ ఆయన మరుసటి రోజే గళ్ల మీద గ్యాస్ సిలిండర్లు దింపించుకున్నాడు, వాచ్‌మన్ పోట్లాడి తీయించాడు.

టెస్టు

ఉపహార్ సినిమా హాలు గుర్తుందా, ఢిల్లీలో 1997 జూన్ 13న 59 మంది పోయారు. బాల్కనీలో ఒకవైపు దారిని అదనపు సీట్లు వేసి మూసేశారు, ఎగ్జిట్ లైట్లు వెలగలేదని కోర్టు దాకా వెళ్లింది. లైటు ఉండటం వేరు, ఆ రాత్రి వెలగటం వేరు కాబట్టి బిగించాక చేసే టెస్టుకి బిల్లు కూడా విడిగా వేస్తాను.

కోడ్ ప్రకారం ఎంత చిన్న చోటైనా కనీసం గంటన్నర వెలగాలి. అందరూ స్విచ్ ఆపి, లైటు వెలిగిందని చూసి, సంతకం పెట్టించుకుని వెళ్తారు. మేం తెల్లవారుజామున ఒక్కో ఫ్లోర్ ఎంసీబీ దించి గంటన్నర కూర్చున్నాం. లక్స్ మీటర్ నేల మీద పెట్టి కొలవాలి, నడుము ఎత్తులో పట్టుకుంటే అంకె ఘనంగా వస్తుంది. కిటికీలోంచి వీధి దీపం వెలుగు వస్తే దుప్పటి కప్పాలి. మొదట్లో మూడో అంతస్తు కారిడార్ మధ్యలో 12 చూపించింది, గంటన్నర చివరికి అదే చోట 10కి కాస్త పైన ఆగింది. రాసుకోవాల్సింది ఆ రెండో అంకె. బాత్‌రూమ్ ముందు రెండు మెట్ల మీద మాత్రం చివర్లో 8కి దిగింది, పక్కన ఉన్న ప్యానెల్‌కి కూడా కిట్ వేశాం, సరిపోయింది.

నాలుగో అంతస్తులో ఒక కొత్త కిట్ గంట కూడా నిలబడలేదు. సప్లయర్ ఛార్జింగ్ సరిగ్గా పెట్టలేదేమో అన్నాడు, ఒక రోజంతా ఛార్జింగ్ పెట్టి వీడియో తీసి పంపాక మార్చి ఇచ్చాడు. టెస్టు మధ్యలో ఒక కుర్రాడు కుర్చీ తెచ్చుకుని మలుపు లైటు కింద పుస్తకం తెరిచి కూర్చున్నాడు. "అన్నా, దీని కింద చదువుకోవచ్చా?" అన్నాడు. గంటన్నరే టైమ్ అన్నాను. ఒక మాక్ టెస్ట్ అయిపోతుంది చాలు అన్నాడు.

రిజిస్టర్ ఒకటి కొని వాచ్‌మన్ టేబుల్ మీద పెట్టాం. నెలకోసారి లైటు కింద ఉన్న టెస్ట్ బటన్ అర నిమిషం నొక్కి చూడటం, ఏడాదికోసారి పూర్తి గంటన్నర. అమెరికా వాళ్ల అగ్నిభద్రత కోడ్ ఎన్ఎఫ్‌పీఏ 101లో ఉన్న పద్ధతే ఇది, తేలిక కాబట్టి నేను అన్ని చోట్లా ఇదే రాసిస్తాను. లైట్లకి నంబర్లు వేసి, ఫ్లోర్ ప్లాన్ జిరాక్స్ మీద అవే నంబర్లు రాసి రిజిస్టర్ అట్ట లోపల అంటించాం, లేకపోతే "ఆ మూల లైటు" అని రాస్తారు, ఏ మూలో దేవుడికే తెలియాలి.

మిగిలినవి: లిఫ్ట్ లోపలి ఎమర్జెన్సీ లైటు, అది లిఫ్ట్ కంపెనీ మనిషి వచ్చి చేయాలి, ఫోన్ చేస్తే వచ్చే వారం అంటున్నాడు. టెర్రస్ తలుపుకి పుష్ బార్, కొటేషన్ ఓనర్ గారి దగ్గరుంది. వాటర్ క్యాన్లు నిన్న వెళ్లి చూస్తే మొదటి అంతస్తు వెనక తలుపు ముందు మళ్లీ ఒక వరస పేర్చి ఉన్నాయి, వాటర్ ప్లాంట్ కుర్రాడి నంబర్ తీసుకున్నాను, దించే చోటు వాడికే నేరుగా చూపించాలి.